అవ్వ మణికట్టు మీద నాలుగు వేళ్లు

ఆ రోజుల్లో కర్నూల్లో కొత్తగా డాక్టరైన వాడికి రెండే ధ్యాసలు: ఉద్యోగం నిలబడాలి, పెళ్లి కుదరాలి. నాకు మూడోది మా పెద్ద డాక్టరు గారు అంటగట్టారు. ఆస్పత్రిలో అందరూ ఆయన్ను చాటుగా చీకటి డాక్టరనేవారు. నవాబుల కాలం నాటి నేలమాళిగలో కిటికీకి నల్లగుడ్డ కట్టించి (నేలమాళిగకు కిటికీ ఏమిటని అడక్కండి, ఉన్న ఒక్క కంతకే కట్టించారు), మెదడులో ఏ నరాల కణం ఏ కణం దాకా పోతుందో కనిపెట్టాలని కూర్చునేవారు. కసాయి సాయిబు ఇచ్చిన గొర్రెపిల్ల మెదడును ముక్కలు కోసి నారింజరంగు మందులో రోజుల తరబడి నానబెట్టడం, ఆ పైన చీకట్లో వెండి మందులోకి మార్చడం, చివరికి పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టడం నా పని. అన్ని కణాలకూ రంగు పట్టదు. ఎక్కడో ఒకటి మాత్రం కొమ్మా రెమ్మా సహా నల్లగా లేచి నిలబడుతుంది. మిగతావీ అక్కడే ఉంటాయి, కనపడవంతే. ఆ ఒక్కటే ఎందుకు బయటపడిందో పెద్దాయనకూ తెలియదు. దాని సన్నటి పోగు వెంట చూపు పోనిస్తే, చచ్చిన జీవం ఎవరినో పిలవబోయి ఆగిపోయినట్టుండేది. నాకు నిజంగానే భయం వేసేది. మధ్యమధ్య కన్ను తీసి, వెనక్కి తిరిగి చూసుకుని, మళ్లీ కన్ను పెట్టేవాణ్ని.

నందికొట్కూరుకు పెళ్లిచూపులకు బయల్దేరే పొద్దున కూడా ఆయన వదల్లేదు. "ముక్కలు వెండిలోకి మార్చి పోవప్పా, ఆ పిల్ల యాడికీ పోదులే" అన్నారు. మార్చాను. ఒలికిన మందును నా జేబురుమాలుతోనే తుడిచి, అలవాటుగా మడిచి కోటు జేబులో పెట్టుకుని బస్సెక్కాను. దిగాక ఒళ్లంతా దుమ్ము. రుమాలు చల్లగా, తడిగా ఉందని సంతోషిస్తూ మొహం తుడుచుకున్నాను.

అమ్మాయి వచ్చి కూర్చోకముందే వాళ్ల అవ్వ చెయ్యి చాచింది. "డాక్టరువంట కదప్పా, నా నాడి సూడు." నేను చెమట పట్టిన వేళ్లు కూడా రుమాలుతో తుడుచుకుని ఆమె మణికట్టు పట్టి, "ఇంకా శానా ఏండ్లు ఉంటావవ్వా" అన్నాను. ఆమె సంతోషించి వాకిట్లో ఎండకు పోయి కూర్చుంది. నేను తలుపు ఎదుట వెలుతురులో కూర్చుని ఉగ్గాణి తింటుండగా బయట కోడలి కేక వినిపించింది. పరుగెత్తాం. అవ్వ మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు. మేం చూస్తుండగానే నల్లబడుతున్నాయి. దగ్గర్లో ఎవరూ లేరు. "యముడు సెయ్యి పట్టినాడమ్మో!" అని కోడలు ఏడుపు అందుకుంది. అవ్వ మాత్రం ఏడవలేదు. బొడ్లో తాళాలు తీసి కోడలి చేతిలో పెట్టి, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. మజ్జిగ ఇస్తే మూతి తిప్పుకుంది. అమ్మాయి తండ్రి నా వైపు తిరిగాడు. "ఏమప్పా, శానా ఏండ్లు ఉంటాదంటివే! మాయమ్మ ఇట్ల కూడు మానేసి పోతే ఇంగ ఈ సంబంధం మాటే వద్దు."  నేలమాళిగలో నల్లగా లేచే కణం గుర్తొచ్చింది గానీ, అంతకుమించి నా బుర్ర పనిచేయలేదు (పెళ్లిచూపుల్లో ఎవరికి పనిచేస్తుంది!).

అంతలో ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే పెళ్లికూతురు. "నాయనా, ఈయప్ప మొగం సూడు!" గోడ అద్దంలో చూసుకున్నాను. నుదుటి నిండా నల్లటి చారలు, మీసం కింద మరో మీసం, వేళ్లు బొగ్గులు. అప్పుడు గుర్తొచ్చింది: వెండి మందు నీళ్లలాగే ఉంటుంది, ఒంటికి అంటి వెలుతురు తగిలాకే నల్లబడుతుంది. అవ్వ పక్కన కూలబడి రుమాలు, మందు, గొర్రెపిల్ల మెదడులో నరాల దారులు అన్నీ చెప్పి, నా నాలుగు వేళ్లు ఆ గుర్తుల మీద ఆనించి చూపించాను. సరిగ్గా సరిపోయాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. అవ్వ లేచి మజ్జిగ తాగింది. (కోడలు మాత్రం తాళాలు తిరిగివ్వలేదు.) అందరూ బయటికి పోయాక అవ్వ మెల్లగా అడిగింది. "ఆ గొర్రెపిల్ల పాణం పోయినాక గూడా లోపల దావలు అట్లనే ఉంటాయా నాయనా?" కొన్నాళ్లు ఉంటాయవ్వా అన్నాను. ఆమె చాలాసేపు మణికట్టు వంకే చూసింది. "మా ఇంటాయన వచ్చినాడనుకుంటి. ఆయన పట్టుకునే తీరు ఇట్లనే ఉండె. నువ్వు చెప్పకపోయింటే బాగుండు."

సంబంధం కుదిరింది. ఆ గుర్తులు పూర్తిగా పోయేదాకా అవ్వ ఆ చేతికి సున్నిపిండి తగలనీయలేదని తర్వాత నా భార్య చెప్పింది. ఇప్పుడు నా భార్యా లేదు. పొద్దున వాకిట్లో కుర్చీ వేసుకున్నప్పుడు చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు ఎండకు పెడతాను. ఏ మందు ఎందుకు నల్లబడుతుందో చదువుకున్నవాణ్ని, నాకెందుకీ పిచ్చి అని నవ్వొస్తుంది. నవ్వుకుంటూనే ఇంకాసేపు అలాగే కూర్చుంటాను.