పైకి చదువు

ప్రూఫుల బాబాయికి ఒకటే జబ్బు. తెర మీద అక్షరాలు కనబడితే వాటిని పైకి చదవందే మీట నొక్కడు, ఇంకొకర్ని నొక్కనివ్వడు. పైకి అంటే మీరనుకునే పైకి కాదు. నాలుగో అంతస్తులో బట్టలారేస్తున్నవాళ్ళు సైతం విసిగిపోయి "విన్నాం, ఇక నొక్కండి" అని కేకేసేంత పైకి. లోకంలో జనం తమ పిల్లలు పై చదువులు చదివారని చెప్పుకుంటారు. మా భవనంలో అందరం పైకి చదువులు చదివినవాళ్ళం. పట్టాలు రాలేదు, తిట్లు వచ్చాయి.

నేను కాలు నిలవని మనిషిని. రెండు నెలలుందామని ఆ భవనంలో మూడో అంతస్తు గదిలో దిగి, నాలుగేళ్ళున్నాను. తిరిగినచోటల్లా కోపిష్టివాళ్ళను చూశాను. ఓడ సరంగుల కోపం గట్టు కనబడేదాకా. వంటవాళ్ళ కోపం పొయ్యి ఆరేదాకా. గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళ కోపానికి చప్పుడుండదు, అందుకే ఎక్కువ భయపడాలి. అయితే వీళ్ళందరికీ కోపం రావడానికి ఏదో ఒక కారణం కావాలి. బాబాయికి కారణం అక్కర్లేదు, అక్షరం చాలు.

మొదటిరోజే దొరికిపోయాను. పెట్టె పట్టుకుని లిఫ్టులోకి వెళ్ళి మీట నొక్కబోతే వెనకనుంచి ఉరుము.

"చదివావా?"

"ఏమిటండీ?"

"గోడ మీద. పైకి చదువు."

"'ఆరుగురికి మించి ఎక్కరాదు.' నేనొక్కణ్ణే కదండీ!"

"చదివితేనే కదా ఒక్కడివి సరిపోతావని తెలిసింది! చదవకముందు ఏ ధైర్యంతో ఎక్కావు?"

బయటికి దిగి, మళ్ళీ పైకి చదివి, అప్పుడు ఎక్కాను.

బాబాయి ముప్పై ఒక్కేళ్ళు ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దాడు. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఒకరు రాతప్రతిని పైకి చదువుతారు, రెండోవారు అచ్చుకాగితం మీద తప్పులు పట్టుకుంటారు. అచ్చుకూటం పోయినా ఆ అలవాటు పోలేదు పాపం, అని మేమందరం తీర్మానించుకున్నాం. ఎంతైనా తెలివైనవాళ్ళం కదా.

ఒకసారి ఆయన కంప్యూటరు తెర మీద ఒక కంపెనీవారి ఒప్పందం వచ్చింది. నలభై ఆరు పేజీలు. మీరూ నేనూ అయితే కింద 'అంగీకరిస్తున్నాను' అని ఉన్నచోట నొక్కి టీ తాగుతాం. బాబాయి దాన్ని అచ్చు తీయించి, రెండు రోజులు పైకి చదివి, అరవై ఒక్క తప్పులు ఎర్రసిరాతో దిద్ది కంపెనీకి తిరుగుటపాలో పంపాడు. 'మీ అభిప్రాయము మాకు అమూల్యము' అని జవాబొచ్చింది. దాన్నీ దిద్ది పంపాడు.

భవనం కింది అంతస్తులో, లాండ్రీ పక్కన, ఒక గది ఉంది. అందులో అందరూ వాడుకునే ఆరు పాత కంప్యూటర్లు. ఒకరోజు ఆరింటి తెరల మీదా ఒకే వాక్యం ప్రత్యక్షమైంది: 'మీ కంప్యూటరు మా కొత్త వ్యవస్థకు అర్హమైనది కాదు.' బాబాయి దాన్ని పైకి చదివాడు. రెండోసారి చదివాడు. మూడోసారి చదివేటప్పటికి మెట్ల మీద జనం పోగయ్యారు.

"అర్హతట! నిన్నటిదాకా నిక్షేపంలా పనిచేసిన పెట్టెకు తెల్లారేసరికి అర్హత పోయిందా? బతికున్నవాణ్ణి పట్టుకుని చచ్చావు పొమ్మనే వైద్యుణ్ణి ఏం చేస్తారు మీరు?"

ఈ ఒక్క విషయంలో ఆయన కోపం నాకూ అంటుకుంది, ఇప్పటికీ ఆరలేదు. చెప్పు తెగితే కుట్టేవాడున్నాడు. గొడుగు విరిగితే బాగుచేసేవాడున్నాడు. చెక్కుచెదరని యంత్రాన్ని మాత్రం నీకు వయసు మీరిందని చెత్తలో వేయమంటున్నారు. డెబ్బై దాటిన నాలాంటివాడు అలాంటి వాక్యం చదివితే ఊరుకోగలడా?

వారం తిరక్కుండా బాబాయి ఆరింటిలోనూ లినక్స్ అనే వ్యవస్థ ఎక్కించాడు. అసోసియేషన్ సెక్రటరీ గారు వచ్చి చూసి, "ఊరికే వస్తుందటగా?" అన్నారు.

"ఊరికే రావడం కాదండీ దాని గొప్ప! లోపలి రాతంతా బాహాటం. ఎవడైనా చదవచ్చు. తప్పుంటే దిద్దచ్చు. మూసిపెట్టిన రాత దొంగరాత!"

దిద్దాడు కూడా. సహాయం పేజీలో ఒకచోట కామా లేదని ఉత్తరం రాస్తే, ఏ దేశంవాడో ముక్కూమొహం తెలియనివాడు 'సరిచేశాం, ధన్యవాదాలు' అని జవాబు రాశాడు. ఆ రోజు బాబాయి భవనమంతా తిరిగి చూపించాడు.

"ఒక్క కామాకే ఇంత సంబరమా బాబాయ్?" అంది ఆసుపత్రిలో పనిచేసే రెండో అంతస్తు నర్సమ్మ.

"ముప్పై ఒక్కేళ్ళు దిద్దానమ్మాయ్! ఒక్క రచయిత నోట ఆ మాట విన్నానా?"

లినక్స్ మీద ఆటలు సరిగా నడవవని ఎవరో అన్నారట. ఆ అన్నవాడెవడో ఈనాటికీ తెలియదు కానీ బాబాయి వాడితో నాలుగు నెలలు పోట్లాడాడు. చివరికి ఆటల కోసమే కట్టిన లినక్స్ రకం ఒకటి తెచ్చి ఎక్కించాడు. ఇక ఆ ముసలి పెట్టెల మీద ఆటలు గుర్రాల్లా పరిగెత్తాయి.

అందులో వంతెన ఆటే మా కొంప ముంచింది. నదికి ఈ గట్టున ముగ్గురు, ఆ గట్టున ముగ్గురు. ఎవరి వంతెన ముందు అవతలికి చేరితే వాళ్ళది గెలుపు. ప్రతి ఆటకూ నది మారుతుంది, వంపులు మారుతాయి, గాలివాటు మారుతుంది. అందుకని వెయ్యిసార్లు ఆడినా నిన్నటి ఆట ఇవాళ ఉండదు. లోపల కనబడే మూడువందల సూచనలను బాబాయే తెలుగులో రాశాడు. బాహాటం కదా, ఎవరైనా రాయచ్చు. ఆయన రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. 'మూడు దుంగలే ఉన్నాయి. దుబారా చేయకు.' 'ఎడమ గట్టు జారుతోంది. ఎడమ అంటే నీ ఎడమే.' 'వంతెన కూలింది. నీకు చెప్పి ప్రయోజనం లేదు.' ప్రపంచంలో ఆటగాణ్ణి తిట్టే ఆట అదొక్కటేనేమో.

నియమం ఒక్కటే. సూచన ఎవరి తెర మీద వచ్చినా జట్టులో ఒకరు దాన్ని పైకి చదవాలి, తరువాతే మీట. నర్సమ్మ ఒకసారి తొందరలో చదవకుండా 'సరే' నొక్కింది.

"సూదిమందు కూడా ఇలాగే వేస్తావా? సీసా మీద ఏముందో చూడకుండా?"

"పొరపాటైంది బాబాయ్."

"రోగి చచ్చాక అతనితో చెప్పుకో!"

ఆమె వారంపాటు ఆయనతో మాట్లాడలేదు. ఆడటం మాత్రం మానలేదు. మానలేం. అదీ ఆ ఆట రోగం.

మాలో అందరికన్నా మొనగాడు లాండ్రీ ఆయన. మాటలు తక్కువ, చెయ్యి చురుకు. ఆయన పనిలో పద్ధతే వేరు. అందరిలా చీటీలు అంటించడు, ఇంటికో రంగు దారంతో కాలరు లోపల చిన్న కుట్టు వేస్తాడు. నాది ఆకుపచ్చ. ఏ ఇంటి చొక్కా ఏనాడూ మారలేదు. సూచన చెవిన పడీ పడకముందే దుంగ సరైనచోట పెట్టేసేవాడు. బాబాయి ఆయన్ని మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. "తమ్ముడూ, భేష్" అనేవాడు.

"మేమేం పాపం చేశాం బాబాయ్? అన్నయ్యను ఒక్కసారైనా తిట్టవేం?" అని నర్సమ్మ దెబ్బలాడేది.

"వాడు తప్పు చేస్తే కదా!"

ఇంతలో సెక్రటరీ గారికి కోపం వచ్చింది. ఆయన ఇల్లు సరిగ్గా ఆ గది మీద. మేం నాలుగింటికి మొదలుపెడితే, ఆయన కునుకులోకి 'గట్టు జారుతోంది' అన్న కేక వెళ్ళేది. రెండుసార్లు మంచం మీంచి నిజంగానే జారారట. గదిలో ఎవరూ నోరు విప్పకూడదన్నారు. లేదంటే తాళం.

మాకేం కష్టం? మనసులో చదువుకుని ఆడవచ్చు. అందరం ఒప్పుకున్నాం. బాబాయి ఒప్పుకోలేదు. తాళమే వేసుకోమన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీ మొండితనంతో అందరి నోటి దగ్గరి ముద్ద లాగేస్తావా? మనసులో చదువుకుంటే నీ సొమ్మేం పోయిందయ్యా?"

"మనసులో చదివితే ఎవడికి వినబడుతుంది?"

"ఎవరికి వినబడాలి?"

ఒక్క క్షణం తడబడ్డాడు. "నీ బొంద! దేశాలు తిరిగినంత మాత్రాన బుర్ర పెరగదు, పో" అన్నాడు. నేను నాలుగు రోజులు ఆయన ముఖం చూడలేదు.

అయిదోరోజు సెక్రటరీ గారు కాగితం ఊపుకుంటూ గదిలోకి వచ్చారు. "ముగ్గురు సంతకాలు చేశారు. మీ జట్టువాడే చేశాడు, చూసుకోండి." మూడో సంతకం లాండ్రీ ఆయనది. మా వంక చూసి తల ఊపాడాయన, మంచిపని చేసినవాడిలా.

'సరే' నొక్కినందుకే రోగిని చంపించిన మనిషి, తనకే ఎసరు పెట్టే కాగితం మీద సంతకం చూస్తే ఊరుకుంటాడా? నర్సమ్మ కళ్ళు మూసుకుంది. నేను కుర్చీ గోడదాకా జరుపుకున్నాను.

బాబాయి లాండ్రీ ఆయన వంక చూడనైనా లేదు. "సెక్రటరీ గారూ, మీరు రాసింది మీరే చదవండి" అన్నాడు.

"అందరికీ కనబడుతోందిగా?"

"పైకి!"

ఆ గొంతుకు ఎవరైనా చదువుతారు. "'ఆటల గదిలో పైకి చదువుట వలన కలుగు అసౌకర్యమును దృష్టిలో ఉంచుకొని ఇకపై నోరు విప్పరాదనియు, విప్పినచో శాశ్వతముగా తాళము వేయబడుననియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'"

లాండ్రీ ఆయన ముఖంలో నెత్తురు లేదు. "అందులో ఉన్నది అదా?" అన్నాడు, వినీవినబడనట్టు. "గది బాగు కోసమని కదా అన్నారు..."

"చూసే కదయ్యా సంతకం పెట్టావు?" అన్నారు సెక్రటరీ గారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆ ప్రశ్న ఇంకొకరి బుర్రలోకి దూరకముందే బాబాయి పేలాడు.

"చూస్తే ఎవడికి అర్థమై చస్తుందండీ ఇది? ఈ వాక్యానికి కర్త ఏడీ? ఎవరు నోరు విప్పరాదు? మీరా, నేనా, ఆ కిటికీయా? ముగ్గురు సంతకం చేస్తే ఏకగ్రీవమా?" జేబులోంచి ఎర్రకలం తీశాడు. గీశాడు, కొట్టేశాడు, సున్నాలు చుట్టాడు. "ఇలాంటి కాగితం మీద ఎంత చదువుకున్నవాడైనా పొరబడి సంతకం చేస్తాడు! చెల్లదు!"

కాగితంలో మిగిలిన నల్లసిరా 'ఆటల గది' అన్న రెండు మాటలే.

ఎంత చదువుకున్నవాడైనా. ఆ మాట దగ్గర నా బుర్రలో దీపం వెలిగింది. చెయ్యి దానంతటదే నా కాలరు లోపలి ఆకుపచ్చ కుట్టు మీదకి వెళ్ళింది. మూడేళ్ళుగా దాన్ని మెడకు తగిలించుకుని తిరుగుతూ, నేను లోకం చదివినవాణ్ణనుకుంటున్నాను!

నర్సమ్మ నెమ్మదిగా అడిగింది. "సెక్రటరీ గారూ, మీ కునుకు ఎన్నింటిదాకా?"

"అయిదు."

"మేం అయిదింటికే మొదలుపెడితే?"

ఆయన ఆలోచించారు. "ఈ మాట ముందే అనొచ్చుగా?"

"ముందే అడగొచ్చుగా!" అన్నారు బాబాయి, నర్సమ్మ ఒక్కసారిగా.

గదికి తాళం పడలేదు. అందరూ వెళ్ళాక బాబాయిని మెట్ల దగ్గర పట్టుకున్నాను. "నీకెప్పటినుంచి తెలుసు?"

"ఏం తెలుసు?"

"అదే, ఆయనకు..."

"నోర్ముయ్!" అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. మూడేళ్ళలో ఆయన గొంతు తగ్గగలదని అప్పుడే తెలిసింది. "ముప్పై ఒక్కేళ్ళు చదివేవాళ్ళ కళ్ళు చూశానయ్యా. చదివే కన్ను నడుస్తుంది. చదవలేని కన్ను నిలబడిపోతుంది. మొదటిరోజే చూశాను. నేర్పుతానంటే సిగ్గుపడి రాడు. అందుకని అందరి నోళ్ళూ తెరిపించాను. ఆ ఆటలో నది మారుతుంది కానీ నా మూడువందల వాక్యాలు మారవు. చూస్తూ వింటున్నాడు, రోజూ అవే. సగం అక్షరాలు పట్టేశాడు! ఇది ఎక్కడైనా వాగావో, నీ పెట్టె నేనే సర్దుతాను."

వాగలేదు. మర్నాటినుంచి ఆ భవనంలో అందరికన్నా పైకి చదివింది నేనే. లిఫ్టులో ఒక్కణ్ణే ఉన్నా చదివేవాణ్ణి.

ఆ తరువాత అయిదారు నెలలకు, ఒక సాయంత్రం ఆట చివరిదాకా వచ్చింది. ఇంకొక్క దుంగ పెడితే వంతెన మాదే. తెర మీద సూచన మెరిసింది. నేను నోరు తెరిచేలోపు పక్క కుర్చీలోంచి ఒక గొంతు, ఒక్కో అక్షరాన్నీ కాలితో తడిమి చూసుకుంటున్నట్టు, పైకి చదివింది.

"కు... డి... గు... గుట్ట... జా... రు... తోంది!"

చదివింది లాండ్రీ ఆయన. నది మధ్యలో లేని గుట్టకు దుంగ పెట్టింది కూడా ఆయనే. జారుతున్నది గట్టు. వంతెన నిట్టనిలువునా నదిలో కలిసింది.

బాబాయి కుర్చీ తన్నుకుని లేచాడు. "గుట్టట గుట్ట! కొమ్ము ఎక్కడుందో చూడవా? నదిలో గుట్ట ఎక్కడిదిరా, మీ తాత మోసుకొచ్చి పెట్టాడా? కళ్ళు బట్టలతోపాటు ఉతికి ఆరేసుకున్నావా? నీ మూలాన గెలిచే ఆట గంగపాలు!"

తిడుతూ ఎర్రరుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్మట.

లాండ్రీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి, నోరు చెవులదాకా సాగింది. నా భుజం పట్టుకుని ఊపేశాడు.

"విన్నారా సార్? నర్సమ్మ కన్నా నన్నే ఎక్కువ తిట్టాడు!"