నేను తోమేసిన ముద్ర

మొన్న సెలవు రోజున మనవరాలు మ్యూజియంలో ఒక పాత కత్తిని ఫోనుతో ఫొటో తీసి, "తాతా, ఇది స్పెయిన్‌ది లా! టొలీడో ఊరిదంట, చూడు," అని ఇక్కడివాళ్ళ "లా" తగిలించి మరీ అరక్షణంలో తేల్చేసింది. ఇంటికి టాంపినీస్ స్టేషన్లో ట్రైను దిగేదాకా నా కళ్ళ ముందు ఇంకో కత్తి మెదులుతూనే ఉంది.

మన దేశం వదిలి ఈ ఊరు వచ్చిన కొత్తలో నేనొక పాతవస్తువుల దుకాణంలో పనిచేశాను. యజమాని మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాడు. అందరిలాగే నేనూ అంకుల్ అనేవాణ్ణి. పిడికి దగ్గర్లో ఉక్కు మీద కమ్మరి కొట్టిన ముద్రను ఎలా వెతకాలో ఆయనే నేర్పాడు. పల్చని కాగితం పరచి పెన్సిలుతో రుద్దితే కిరీటమో అక్షరమో తేలేది. చెక్కిన పేరు చూసి మురిసిపోకూడదనీ, టొలీడో కత్తులకున్న గిరాకీ చూసి జర్మనీవాళ్ళు కూడా ఆ పేరే చెక్కేవారనీ, ముద్ర కూడా దానితో సరిపోలితేనే నమ్మాలనీ పదేపదే చెప్పేవాడు.

ఒక ఏడాది ఆయుధపూజకు ముందు రోజు, మనీలా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ముసలమ్మ తన తాతగారి కత్తి తెచ్చింది. అది టొలీడోలో చేసిన కత్తి అని ఆయన చెప్పుకునేవాడట, ఇంట్లో అందరూ కోతలరాయుడని నవ్వేవారట. ఆయన అబద్ధమాడలేదని తను పోయేలోగా తెలియాలి, అంతే ఆమె కోరిక. భూతద్దంలో తుప్పు కింద ఏదో లీలగా కనిపించింది. రేపు తీరిగ్గా కాగితం మీదికి ఎత్తుదామన్నాడు అంకుల్.

మన ఇళ్ళల్లో ఆయుధపూజ నాడు కత్తిపీట నుంచి పార దాకా తోమి బొట్టు పెట్టందే ఊరుకోము కదా! పైగా ఆ వయసులో నాకు మెప్పు పిచ్చి. మర్నాడు అంకుల్ వచ్చేలోగా చింతపండూ గరుకు కాగితమూ పట్టించి, చెమటలు కారేలా ఆ కత్తిని తళతళలాడించి, పసుపు కుంకుమలు పెట్టి కూర్చున్నాను. ఆయన కాగితం పరిచి రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. కాగితం నల్లబడింది తప్ప ఏ ముద్రా తేలలేదు. నేను చేసిన పని అప్పుడు అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన తిట్టలేదు. "పోనీలే తంబీ, ముందు మకాన్ చేద్దాం పద," అన్నాడు గానీ, అన్నం ముందు కూర్చున్నాక కూడా ఆ నల్లబడ్డ కాగితాన్నే వెలుతురుకు పట్టి చూశాడు.

ముసలమ్మ వచ్చినప్పుడు, పొరపాటు తనదేనని అంకులే చెప్పాడు. ఆమె కోప్పడనైనా లేదు. ఇక మా తాత మాట ఎవరూ నమ్మరు కదా అని మెల్లగా అని, కత్తిని తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయింది. నేను బీరువా పక్కన నిలబడి నోరు విప్పలేదు.

ఇప్పుడా దుకాణమూ లేదు, గంటల తరబడి ఒక్క ముద్ర కోసం వంగి కూర్చునే ఓపికా ఎవరికీ లేదు. అంకుల్ పోయాడు, ఆమె అంతకు ముందే పోయింది. అంకుల్ తన మీద వేసుకున్న ఆ తప్పు నాదని చెప్పే ధైర్యం నాకు వచ్చేసరికి, వినవలసిన ఇద్దరూ లేకుండా పోయారు.