తమ్ముడు ముట్టని గిన్నె

వానలు ముఖం చాటేసిన ఏళ్లలో కూడా మా పొయ్యి ఆరిపోకుండా చూసిన దేవునికి, ఈ ఎర్రమట్టి మనుషులను పిలిచి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న ప్రభువుకు ముందుగా స్తోత్రం. నేను చెప్పబోయేదానిలో మంచి ఏదైనా ఉంటే అది ఆయనది, తప్పు మాత్రం పూర్తిగా నాది. ఆ తప్పును కూడా ఆయన వృథాగా పోనివ్వలేదు గనుక మరొకసారి స్తోత్రం.

పోయిన వారం ఉదయం ప్రార్థన ముగించి కాఫీ కలుపుకుంటూ ఉంటే ఫోన్‌లో ఒక సందేశం కనబడింది. ఎవరో పాస్టరుగారు, నేను ఎరగనివారు, ఫారిన్ ద్రాక్షారసం రెండు సీసాలు పంపగలరా అమ్మా అని అడిగారు. నా దుకాణం మూతపడి ఆరేళ్లు దాటింది. ఇప్పుడు లేదండీ అని జవాబు పెట్టాను గాని, కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చుండిపోయాను. నా ఈడువారికి చెబితే నవ్వు వస్తుంది: ముప్పై మూడేళ్లు ప్రభుత్వ బడిలో ఎక్కాలు చెప్పి, ఆదివారాలు మందిరంలో పిల్లలకు వాక్యం కంఠస్థం చేయించి, పదవీ విరమణ చేసిన మనిషిని, అనంతపురంలో ఇంటి ముందు గదిలో కూర్చుని ఇంటర్నెట్‌లో విదేశీ ద్రాక్షారసం అమ్మాను.

మా పుట్టినూరు ముదిగుబ్బకు ఆటోలో అరగంట దూరం. అక్కడ రేకుల కప్పు కింద మా సంఘం, అందరినీ కలిపితే నలభై మంది, చెనిక్కాయ (వేరుశనగ) చేలల్లో కూలికి పోయేవాళ్లు, గొర్రెలు మేపుకునేవాళ్లు. నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల: ఆయనను తలచుకుంటూ తలా ఒక రొట్టె ముక్క, ఒక చిన్న గిన్నెడు ద్రాక్షారసం తీసుకోవడం. మా అమ్మ బతికున్నన్నాళ్లు ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, పలుచని గుడ్డలో పిండి ఆ బల్లకు రసం తీసేది. ఎందరికి ఎంత కావాలో అంతే చేసేది. అమ్మ పోయాక ఆ పని ఎవరూ భుజాన వేసుకోలేదు. ఒకసారి నేను ఊరికి వెళ్లినప్పుడు గిన్నెలో పోసి ఇచ్చింది సంతలో దొరికే ఎర్ర షర్బత్తు అని నాలుకకు తెలిసిపోయింది. ప్రభువు చూసేది హృదయాన్ని, గిన్నెలోని రంగును కాదని నాకు తెలుసు, పేద సంఘాన్ని తప్పుపట్టే మనసూ నాకు లేదు. అయినా ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ఈ మాట కోడలితో అన్నాను. ఇంట్లో కూర్చునే కంప్యూటర్‌లో ఉద్యోగం చేసుకునే పిల్ల, ఏదైనా పట్టుకుంటే వదలదు. నాలుగు రోజులు వెతికి, బయటి దేశాల నుంచి మత్తు లేని ద్రాక్షారసం తెప్పించే టోకు వ్యాపారి ఒకాయన బెంగళూరులో ఉన్నాడని కనిపెట్టింది. స్పెయిన్ దేశపు సరుకు, పులియబెట్టనిది, నిలవకు మందులేవీ కలపనిది. చూడడానికి మాత్రం అచ్చం వైన్ సీసాలాగే పొడుగు మెడతో దర్జాగా ఉండేది. మన ఊరి సంఘానికి ఒక్కదానికే ఎందుకు అత్తమ్మా, ఇట్లాంటి సంఘాలు ఎన్ని లేవు, మనమే అమ్ముదాం అంది. భోజనాల బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, సీసా పక్కన రొట్టె పెట్టి ఫొటో తీసింది. అలా మొదలైంది.

ఎదురింటాయన ఆ అట్టపెట్టెలు దిగడం చూసి, వాకిట్లోనే నన్ను ఆపాడు. "ఏమమ్మా టీచరమ్మా, పెన్షన్ చాలకనా వైన్ షాపు పెట్టినావు?"

"మత్తు లేనిదప్పా ఇది."

"మత్తు లేకపోతే ఎవురు కొంటారమ్మా? నష్టపోతావు" అని నిజంగానే జాలిపడ్డాడు.

కాని కొన్నారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో, సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి కూడా రాసేవారు. సీసాలు పగలకుండా నేను చెనిక్కాయ పొట్టులో కూరి పంపేదాన్ని. పెట్టె విప్పగానే వేయించిన కాయల వాసన వచ్చిందమ్మా అని ఒక పాస్టరమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. ఇది స్పెయిన్‌దని ఎన్నిసార్లు చెప్పినా చాలామంది యెరూషలేము ద్రాక్షారసం అనే అడిగేవారు. ప్రతిసారీ దిద్దేదాన్ని, దిద్దుతూనే లోలోపల మురిసిపోయేదాన్ని కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. సీసాకు వెనకవైపు పరాయి భాషలోనూ ఇంగ్లీషులోనూ చీమల బారులాగా సన్నని అక్షరాలుండేవి. ఆ వైపు చూస్తే సీసా మనది కానట్టుండేది. అందుకని "ప్రభువు బల్ల కొరకు ప్రత్యేకింపబడినది" అని తెలుగులో అచ్చు వేయించిన చీటీని, మైదా జిగురు రాసి, సరిగ్గా ఆ అక్షరాల మీదే అంటించేదాన్ని. ఒక్కొక్క చీటీ అంటించేటప్పుడు ఆ సీసా వెళ్లే సంఘం కోసం ప్రార్థన చేసేదాన్ని.

ఇక్కడ నా తమ్ముడి సంగతి చెప్పాలి. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నాయన అప్పగించిన గొర్రెల మందను తాగుడుకు పోగొట్టినవాడు. మరదలు పిల్లలను తీసుకొని పుట్టింటికి పోయి రెండేళ్లు తిరిగి రాలేదు. ఆ తర్వాత దేవుడు వాడిని ఎలా పట్టుకున్నాడో అది వేరే పెద్ద సాక్ష్యం, బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి చుక్క ముట్టలేదు. మరదలు తిరిగి వచ్చింది, పన్నెండు గొర్రెలతో మళ్లీ బతుకు మొదలైంది. అలా తొమ్మిదేళ్లు గడిచేసరికి సంఘం వాడిని పెద్దగా నిలబెట్టి, బల్లనాడు చిన్న గిన్నెల పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరిగే పని ఇచ్చింది. ఆ పళ్లెం పట్టినవాడు అందరికీ ఇచ్చి, చివరి గిన్నె తాను తీసుకోవాలి. ఒకప్పుడు వీధిలో తూలుతూ నడిచిన ఆ కాళ్లు పళ్లెంతో ఒక్క బొట్టు ఒలకకుండా నడవడం చూసినప్పుడల్లా నా కళ్లు నిండేవి.

దుకాణం బాగా నడుస్తున్న రోజుల్లోనే ఒక ఏడు మే నెలలో, మొదటి ఆదివారం గడిచిన నాలుగో రోజున, మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు ఆదివారం బల్లకాడ గిన్నె ముట్టకుండానే పళ్లెం పెట్టేసి బయటికి పోయినాడు. ఏమైందని అడిగితే పలకడు. మళ్లా మొదలుపెట్టినాడని సంఘంలో అంటాండారు. నాకు భయమైతాంది."

మా సంఘాలలో పెరిగినవారికి దీని బరువు తెలుసు. గిన్నె తీసుకోకుండా లేచిపోయిన మనిషి దగ్గర ఒప్పుకోని పాపం ఏదో ఉందనే అనుకుంటారు, అందునా పళ్లెం పట్టిన పెద్ద, అందునా ఒకప్పటి తాగుబోతు. నేను మరుసటి బస్సుకే బయలుదేరాను. దారి పొడుగునా, వాడిని పడనీయకు తండ్రీ అన్న ఒక్క మాట తప్ప నా నోట ఇంకో ప్రార్థన రాలేదు.

వాడు గొర్రెల దొడ్డి దగ్గర ముళ్లకంప సర్దుతున్నాడు. చెట్టంత మనిషి నాలుగు రోజుల్లో చిక్కిపోయినట్టున్నాడు. నేను కుశలమైనా అడగలేదు.

"ఏమిరా, తాగినావా?"

వాడు చేతిలోని కంప వదలకుండానే, "నేను తాగలేదక్కా. నేనొక్కణ్ణే తాగల్యా, మిగిలినోళ్లంతా తాగినారు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు నిదానంగా చెప్పాడు. "పళ్లెం చేతికి తీసుకుంటానే వాసన తగిలె. దాంతో ఇరవై ఏండ్లు కాపురం చేసినోణ్ణి, నాకు తెల్దా? సీసాలోది పులిసిపోయి ఉండాది."

"ఆ మాట పాస్టరయ్యకు చెప్పొచ్చు గదరా. నీ పేరు ఇట్ల పాడు చేసుకుంటివే."

"నీ సీసా గదక్కా. చెప్తే నీ పేరు పోతాది" అన్నాడు. నా వైపు చూడకుండా, "ఆ మధ్యాన్నం బండేసుకొని ముదిగుబ్బకు పోయినా. ఆ వాసన ముక్కులోనే ఉండాది. మందంగడి ముందర శానాసేపు నిలబడుకుంటి. లోపలికైతే పోలేదు. ఎట్ల తిరిగొచ్చినానో దేవునికే తెలుసు" అన్నాడు.

నేను అక్కడే రాయి మీద కూలబడి ఏడ్చాను. వాడు కంప పక్కన పెట్టి వచ్చి, చిన్నప్పుడు నేను వాడిని ఊరుకోబెట్టినట్టు నన్ను ఊరుకోబెట్టాడు.

అక్కడి నుంచి నేరుగా పాస్టరయ్య దగ్గరికి వెళ్లి సీసా చూపమన్నాను. మందిరంలోని ఇనప బీరువా తాళం తీశారు. ఏప్రిల్ మొదటి ఆదివారం తెరిచిన సీసా అది. అప్పుడు సగమే అయింది, అంత దూరదేశం నుంచి వచ్చినది, ప్రభువు కోసం ప్రత్యేకించినది, పారబోయడానికి మనసు ఒప్పక బిగించి మూతపెట్టి బీరువాలో భద్రంగా దాచారు. అనంతపురం ఎండలు, పైన రేకులు, లోపల ఇనప బీరువా. పెద్దలు నలుగురికీ వాసన కాస్త తేడాగానే అనిపించిందట, విదేశీ సరుకు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నారట. మూత తిప్పగానే బుస్సుమంది. తడిగుడ్డతో నా చీటీ తుడిచి ఊడదీస్తే, కింద ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది: తెరిచిన తర్వాత చల్లటి చోట ఉంచవలెను, మూడు రోజులలో వాడవలెను. ప్రశ్న మొత్తం చదివాకే జవాబు రాయండి అని ముప్పై మూడేళ్లు పిల్లల చెవులు పిండిన మనిషిని, ఆ అక్షరాలను ఒక్కసారైనా చదవకుండా నా భక్తితో వాటిని కప్పేశాను.

పాస్టరయ్య మంచివారు, పెద్దలతో మెల్లగా చెబుతాను, నలుగురిలో వద్దమ్మా అన్నారు. కోడలు కూడా ఫోన్‌లో, బయటికి చెబితే ఇక ఎవరూ కొనరు అత్తమ్మా అని భయపడింది. నాకూ భయంగానే ఉండింది. కాని తమ్ముడి మీద మాట నలుగురిలో పడింది, తీయడం కూడా నలుగురిలోనే జరగాలి. తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, సీసాను, ఊడదీసిన చీటీని రెండు చేతుల్లో పట్టుకుని, జరిగిందంతా చెప్పాను, వాడు అంగడి ముందు నిలబడిన సంగతి ఒక్కటి తప్ప. అది చెప్పే హక్కు వాడిది; ఇప్పుడు వాడే రాయమంటేనే ఇక్కడ రాశాను.

ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలి అవ్వ తలెత్తి, "అయితే ఆ పొద్దు మేమంతా తాగినట్లేనా టీచరమ్మా?" అంది.

"తాగినట్లే అవ్వా."

"అదే అనుకుంటి. మోకాళ్ల నొప్పి తెలీకుండా ఇంటిదాకా నడిచిపోతినే."

మొదట ఎవరు నవ్వారో తెలియదు, తర్వాత నవ్వనివారు లేరు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు తల వంచుకునే ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు కనబడలేదు. అప్పుడు సంఘంలో అందరికంటే పెద్దాయన, తమ్ముడు మళ్లీ తాగాడన్న మాట ముందుగా పుట్టించినవాడు, లేచి వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అంటిని నేనే. క్షమించప్పా" అన్నాడు. ఆ తర్వాత జరిగిన ప్రార్థన వంటిది నేను మళ్లీ వినలేదు.

కొన్నవారందరికీ ఫోన్లు చేశాను, ఉత్తరాలు రాశాను. కొత్త చీటీ వేయించి, తెరిచిన సీసా దాచవద్దు, మిగిలినది నిస్సంకోచంగా మట్టిలో పోయండి అని పెద్ద అక్షరాలతో పెట్టాను. సగం సీసా పారబోయడానికి పేద సంఘాలకు ప్రాణం ఒప్పదు గదా, కొనడం తగ్గించారు. ఇంకో మూడేళ్లు ఈడ్చి, చివరికి నేనూ కోడలూ నవ్వుకుంటూనే దుకాణం మూసేశాము. ఆ ఏళ్లను తలచుకుంటే ఇప్పటికీ నాకు ముద్దుగానే ఉంటుంది. తమ్ముడు నేటి వరకూ నిలబడే ఉన్నాడు, దేవునికి స్తోత్రం.

ఇప్పుడు నేను వెళ్లేది పట్టణంలోని పెద్ద మందిరానికి. చల్లటి గాలి, పెద్ద తెర, వందల మంది. కీళ్లు సహకరించని ఆదివారాలు నేనూ చాలామందిలాగే ఇంట్లో ఫోన్ ముందు పెట్టుకుని, గ్లాసులో ఉన్నదే ప్రభువు బల్లగా తీసుకుంటాను. అది చిన్న విషయమని నేను అనను, ప్రభువు అక్కడా ఉంటాడు. కాని ఆనాడు ఒక మనిషి ఒక్క గిన్నె వదిలితే నలభై మంది చూశారు. తప్పుగా అనుకున్నారు, నోరు జారారు, అయినా చూశారు. నాలుగో రోజుకు నాకు ఫోన్ వచ్చింది, ఆ తర్వాతి ఆదివారానికి ఆ గాయం మానింది. ఇప్పుడు నేను గిన్నె ముట్టకుండా లేచి వచ్చేసినా పక్క కుర్చీలో ఉన్నవారికి తెలియదు, తెలిసినా మర్యాదకు అడగరు.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, ఇంకొక్క నిమిషం నాతో ఉండండి. ఈ వారం ఏ మందిరంలోనో ఎవరో గిన్నె అక్కడే పెట్టి లేచి బయటికి నడుస్తారు, వారి అడుగులు ఎటు పోతున్నాయో ఎవరికీ తెలియదు. వారి వెనకే బస్సెక్కి వచ్చి, మర్యాద పక్కనపెట్టి, ఏమైందిరా అని అడిగే అక్కను ఒకతెను దేవుడు వారికి ఇవ్వాలని నాతో కలిసి అడగండి. ఆమేన్ మీరే చెప్పండి.