నురగ తీసిన బీరు

మా ఆయన నాలుకకు రుచి పోయి ఏడాది దాటింది. నోట్లో కేన్సరు పుండు లేచింది. కోశారు, కరెంటు పెట్టారు. పుండు పోయింది, దాంతోపాటు ఉప్పూ పులుపూ తీపీ పోయాయి. కొన్నాళ్లకు తిరిగొస్తాయని డాక్టరు అన్నాడు. రాలేదు. స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడిలో పని చేసొచ్చి చెంబుడు అంబలి ఎత్తింది దించకుండా తాగిన మనిషి, ఇప్పుడు గ్లాసుడు జావ ముందు పెట్టుకుని గోడకేసి చూస్తాడు. ఎముకలు తేలాయి.

"మట్టి తిన్నట్టుందే" అంటాడు.

"మట్టికైనా ఓ రుచుంటాది" అంటాను నేను.

మా అమ్మాయి ప్లాంటు ఆఫీసులో పని చేస్తుంది. సెక్టర్ 7లో దాని క్వార్టరులోనే మేమూ ఉంటున్నాం. మొన్న ఆదివారం రాయపూర్ నుంచి ఒక బీరు సీసా తెచ్చింది. గట్టి వాసన ఉన్నదేదైనా ఆ నాలుకను లేపుతుందేమోనని దాని ఆశ. ఒక గుక్కకు పర్వాలేదని డాక్టరు అన్నాడట. నేను చెవులారా వినలేదు. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక, అదీ తెలుగే. సీసా మీదున్నది ఇంగ్లీషు. అమ్మాయే చదివి చెప్పింది.

"మూడు రకాల బీర్లు కలిపి ఒకటి చేసినారమ్మా. గోధుమలదొకటి, మాడ్చిన బార్లీతో నల్లదొకటి, మామిడిపండేసి పులియబెట్టిందొకటి."

"కలగూరగంప అన్నమాట."

అది నవ్వి, మూత తీసి, వాళ్ల నాన్నను లేపి కూర్చోబెట్టడానికి వెళ్లింది. నేను స్టీలు గ్లాసులో పోశాను. నురగ పొంగింది. పప్పు ఉడికినా బెల్లప్పాకం కాగినా పైకి తేలే నురగ మడ్డి అనే నాకు తెలుసు. గరిటెతో తీసి సింకులో పారేశాను. మళ్లీ పొంగింది. కలిపి మళ్లీ తీస్తుంటే అమ్మాయి వచ్చి చూసింది.

"అరే అమ్మా! ఏటి చేసీసినావు? వాసనంతా దాన్లోనే కదా ఉంటాది!"

"మడ్డి అనుకున్నాను."

"పప్పేటి అది?"

గ్లాసు ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్లాను. ఏదైనా నేను చప్పరించి చూశాకే ఆయనకు ఇస్తాను. కారమో వేడో తగిలితే నోరు మండిపోతుంది. అలా నా జన్మకు మొదటి బీరు తాగాను. ముందు టెంక దగ్గరి మామిడి పీచు. వెనక దోరగా వేయించిన చోడిపిండి, అదే రాగిపిండి, గిన్నె అడుగున మాడిన బెల్లం. ఆఖర్న గొంతు పట్టుకునే చేదు. బాగుంది. అందుకే నాకు ఒళ్లు మండింది.

"ఏటే, నువ్వే తాగేస్తన్నావా?" అన్నాడాయన.

"నువ్వు తాగు, ఎవులొద్దన్నారు?"

గుక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు. అమ్మాయి ఆయన మొహమే చూస్తోంది.

"తియ్యగుంది. మామిడిపండు" అన్నాడు.

"సచ్, నాన్నా? నిజంగానా?" అది చప్పట్లు కొట్టింది.

"మరి ఆఖర్న?" అన్నాను.

"ఆఖర్నా తీపే."

మామిడి సంగతి ఇందాక పక్కగదిలోంచి విన్నాడు. చేదు సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఆఖర్న చేదు" అన్నాను. నోరు మూసుకుని ఉండాల్సింది. అది నా వల్ల కాదు.

అమ్మాయి గ్లాసు తీసుకుని, చప్పరించి చూసి, కింద పెట్టేసింది. "నువ్వు నురగ తీకపోతే తెలిసేదేమో" అంది నాతో.

"అవును, ఈవిడ వల్లే" అన్నాడాయన వెంటనే.

నేను కాదనలేదు. వచ్చే వారం ఇంకో సీసా తెస్తానని, ఈసారి తనే పోస్తానని చెప్పి అది లోపలికి పోయింది.

"తేవద్దని చెప్పే" అన్నాడు మెల్లగా.

"నువ్వే చెప్పు."

ఇద్దరం చెప్పలేదు.