చినమామకు రాయి

మొన్న మా ఎదురింటివాళ్లు బోరు వేయించారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే రొద, వీధి నిండా తెల్లటి రాతిపొడి. ఆరేసిన బట్టల మీద, ముగ్గు మీద, చివరికి మూతపెట్టిన పాలగిన్నె మీద కూడా. మా ఆయన తిట్టుకుంటూ కిటికీలు మూశారు. నేను మాత్రం గుమ్మంలో నిలబడి ఆ పొడిని వేళ్ల మధ్య నలుపుతూ ఉండిపోయాను. మా చినమామ ఇంటికి వచ్చినప్పుడు సంచీ విప్పితే ఇదే వాసన.

చినమామ మా అమ్మకు ఆఖరి తమ్ముడు. పిక్కిలి దగ్గర మా అమ్మమ్మవాళ్లది వానను నమ్ముకున్న మెట్టసేద్యం. రాగులు పండితే తిన్నట్టు, లేకపోతే లేదు. అందుకని మీసం మొలవకముందే ఆయన కోలారు బంగారు గనులకు వలస పోయాడు. భూమి లోపల రాతికి తూట్లు పొడిచి, మందు కూరి పేల్చే పని. పండగకు వస్తే అమ్మమ్మ దెప్పేది: "బంగారం తవ్వేవాడివంట, నాకొక ముక్కుపుడకన్నా తెచ్చినావా?" ఆయన నవ్వేవాడు. "మేము తవ్వేది రాయే అమ్మా. బంగారం మా కంటికి కూడా కనబడదు." ఎంత చలైనా వాకిట్లోనే పడుకునేవాడు. తలుపు వేసిన గదిలో ఆయనకు ఊపిరాడదు. పాములు తిరుగుతాయిరా అని మా అమ్మ కోప్పడితే, "పాము వస్తే కనబడతాది అక్కా. పైకప్పు కూలేది కనబడదు" అనేవాడు.

ఆ భయంతోనే కాబోలు, గని విడిచి పట్టాళంలో చేరాడు. నెత్తిమీద ఆకాశం ఉంటే చాలన్నాడట. పట్టాళంవాళ్లు ఊరుకుంటారా? రాతికి మందు పెట్టడం తెలిసినవాడని మందుపాతరలు పాతే దళంలో వేశారు. దేవుడి పరాచికాలు అలాగే ఉంటాయి. పెళ్లయింది, కూతురు పుట్టింది.

పార్లమెంటు మీద దాడి జరిగిన ఏడు, చలికాలంలో సైన్యమంతా పడమటి సరిహద్దుకు తరలింది. ఇవాళో రేపో యుద్ధం అన్నారు. మామవాళ్లు రైతుల చేలలో మందుపాతరలు పాతారు. ఫోనులో అత్తతో ఒకసారి అన్నాడట: "పచ్చని గోధుమ చేను. రైతు గట్టుమీద కూర్చోని చూస్తా ఉండాడు. నాకు తల ఎత్తేదానికి కాలేదు." నెలలు గడిచినా యుద్ధం రాలేదు. పాతినవన్నీ తీసేసి చేలు తిరిగి రైతులకు అప్పగించమన్నారు. ఈలోగా గాలికి ఇసుక కదిలి, వానకు మట్టి జారి, ఏవీ పాతినచోట లేవు. అలా ఒక చేను శుభ్రం చేస్తూ చినమామ పోయాడు.

పెట్టె వచ్చింది. మూత తీయకూడదన్నారు. జెండా కప్పారు, తుపాకులు పేల్చారు, పెద్ద పెద్ద ఆఫీసర్లు దండలు వేశారు. వాళ్ల జీపులు వెళ్లిపోయాక మా కష్టం మొదలైంది.

అమ్మమ్మవాళ్ల చేని చివర దిబ్బమీద వీరగల్లులున్నాయి. పూర్వం దొంగలు తోలుకుపోతున్న ఆవుల మందను మళ్లించబోయి చచ్చిన మా పెద్దల రాళ్లవి. ఏ రాతిలో చూసినా బాణం రొమ్ములోనే దిగి ఉంటుంది. పోట్లాడి, ముందరి గాయంతో పోయినవాడికే రాయి. ఏటా వేట కొట్టి అన్నం పెట్టేది వాళ్లకే. మిగతా అర్ధాంతరపు చావులన్నీ దుర్మరణాలు. ఇంట్లో పటం పెట్టరు, పుట్టే పిల్లలకు ఆ పేరు పెట్టరు, పొలిమేర అవతల ఒకసారి ముద్ద పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. చినమామను ఈ రెండింటిలో ఎక్కడ చేర్చాలో తేలాలి.

మా తాతకు అన్న, పెదతాత, వంశానికి పెద్ద. చెడ్డమనిషి కాదు, ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లూ వాచి ఉన్నాయి. అయినా అడగవలసింది అడిగాడు. "సండ జరగలేదంట కదమ్మా" అన్నాడు. సండ అంటే మా ఇళ్లల్లో యుద్ధమే. "గాయం ముందరా, వెనకా?"

మూత తీయని పెట్టెలో గాయం ఎక్కడుందో ఎవరు చెప్పగలరు? మూలన కూర్చున్న అత్త లేచి నిలబడింది. మామగారి వరసవాళ్ల ముందు ఏనాడూ నోరు విప్పని మనిషి.

"గాయం కిందినించి మామా" అంది. "మన పెద్దలు ఆవుల్ని తోలుకొచ్చేదానికి పోయి చచ్చినారు. ఈయన, ఎవురి ఎద్దులో చేన్లోకి దిగేదానికి ముందు తన కాలు పెట్టి చచ్చినాడు. ఇది వేరే, అది వేరేనా? మీరే చెప్పండి."

పెదతాత కండువాతో మొహం తుడుచుకుని, "రాయి తెప్పించండి" అన్నాడు.

రాయి చెక్కేవాడికి పాత బొమ్మలే అలవాటు. కత్తికి బదులు తుపాకి చెక్కాడు గాని తలపాగా మాత్రం మానలేదు. "పెండ్లికి కూడా చుట్టలేదు కదరా వాడు!" అని మా అమ్మ ఆ దుఃఖంలోనూ నవ్వి, మళ్లీ ఏడ్చింది. నడుము దాకా వచ్చాక అతను ఉలి ఆపాడు. పెట్టె మోసినవాళ్లు అది ఎంత తేలికగా ఉందో చెప్పే ఉంటారు. "కాళ్లు ఎట్ల చేసేదమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"చెక్కన్నా" అంది అత్త. "పెట్టెలో రానివి రాతిలోనన్నా రానీ."

ఏటా ఆ దిబ్బమీదికి వెళ్తూనే ఉన్నాం. పాత రాళ్లలో ముఖాలు అరిగిపోయాయి, వాళ్లకోసం ఏడ్చేవాళ్లూ లేరు. చినమామ ముఖం మాత్రం నిన్న చెక్కినట్టే ఉంది. కాలమే అన్నీ మరిపిస్తుందంటారు. ఆ రాయి అరగడానికి పట్టేటంత కాలం మా అత్తకు లేదు.