లేని వంతెన

అంబులెన్స్ ఆఫీసులో ఆమెను అందరూ పటాలక్క అంటారు. ఎవరైనా ఉచితంగా వాడుకుని, ఎవరైనా దిద్దగలిగే ఇంటర్నెట్ పటంలో ఉపగ్రహ ఫోటోలు చూసి రోడ్లు గీయడం ఆమె పని. గీసిన ప్రతి రోడ్డు మీదా చూపుడువేలితో ఒకసారి నడిచొస్తుంది. సేవ్ నొక్కేముందు అరచేయి ఒడిలో తుడుచుకుంటుంది. "అంత భయమెందుకక్కా, తప్పయితే రేపు దిద్దుకోవచ్చుగా" అని పక్క సీటు అమ్మాయి నవ్వితే, "రేపటిదాకా దాని మీద ఎవరూ వెళ్లరని రాసిస్తావా?" అంటుంది.

మొన్న జోరువానలో డ్రైవర్ ఫోన్ చేశాడు. "అక్కా, పటంలో వంతెనుంది. నా ముందు వాగు తప్ప ఏం లేదు. బండిలో నొప్పులు పడుతున్న మనిషి." ఆమె తెరమీద ఆ వాగును వెతికి పట్టుకుంది. "వెనక్కి తిప్పు తమ్ముడూ. రైలుగేటు దారి పట్టు, అది నేను కాళ్లతో నడిచిన దారి. ఫోన్ మాత్రం పెట్టేయకు." ఇరవై నిమిషాలు ఫోన్లో ఆ గర్భిణి మూలుగు వింటూ కూర్చుంది. "చేరాం అక్కా, లోపలికి తీసుకెళ్లారు" అన్నాక, ఆ వంతెన ఎవరు గీశారో వెతికింది. ఇంకెవరి పేరైనా ఉంటే బాగుండుననుకుంది. తన పేరే ఉంది. వేసవి ఫోటోలో ఎండిన వాగు మీది బండ్ల బాటను వంతెన అనుకుంది. దాన్ని చెరిపి, కారణం రాసేచోట "తప్పు నాదే. ఇక్కడ వంతెన లేదు, వాగుంది" అని రాసింది. తర్వాత తను గీసిన మిగతా వంతెనలెన్నో లెక్క తీసే చిన్న ప్రోగ్రామ్ రాసింది. రెండు వందల పదమూడని వచ్చింది. బయట వాన ఇంకా తగ్గలేదు. అరచేయి తుడుచుకుని మొదటిది తెరిచింది.