తాతయ్య బుగ్గలో బొమ్మ

మా అమ్మమ్మ ఎవస్తోలియాకు దేవుడి మీద నమ్మకం ఉంది, మొక్కజొన్న మీద నమ్మకం ఉంది. నమ్మే మూడోదాని పేరు ఇంతవరకు చెప్పలేదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూస్తుంది. చర్చిలో ఫాదర్ గారు ప్రార్థన ముగించి ఇక వెళ్లిరండి అన్నాక కూడా, ఆయన ఇంకేదో దాచాడేమోనని కాసేపు కూర్చునే ఉంటుంది. నేను పుట్టగానే మంత్రసాని చేతుల్లోంచి లాక్కుని నా కాలివేళ్లు లెక్కపెట్టిందట, రెండుసార్లు. అలాంటి మనిషికి దేవుడు ఏడాదిలో పదిన్నర నెలలు కెనడాలో ఉండే మొగుణ్ణి ఇచ్చాడు.

తాతయ్య పేరు నాబోర్. అక్కడ పుట్టగొడుగులు పెంచే కొట్టాల్లో పని. డిసెంబరు మొదట్లో మా ఊరు వస్తాడు, జనవరి ఇరవైకల్లా మళ్లీ విమానం ఎక్కుతాడు. పంతొమ్మిదేళ్లు అదే వరస. ఆ ఆరేడు వారాలూ అమ్మమ్మ ఆయనకు వండిపెడుతూ, ఆయన చొక్కాలు వాసన చూస్తూ గడిపేది.

"ఇదేం సబ్బు?"

"సబ్బు సబ్బే, తోలా." అమ్మమ్మ పేరును తాతయ్య అలా కుదించి పిలిచేవాడు.

"ఆడవాళ్ల సబ్బులా ఉంది."

"పుట్టగొడుగులకి ఆడా మగా ఏంటే!"

అయితే పోయిన డిసెంబరులో అమ్మమ్మకు నిజంగానే పని పడింది. తాతయ్య పెట్టె అడుగున రబ్బరు బూట్లు కనిపించాయి. పనిలో వేసుకునే ఆ బూట్లు ఎన్నడూ మా ఊరి దుమ్ము తొక్కలేదు. ఎప్పుడూ కెనడాలోనే, ఆయన మంచం కింద ఉండేవి.

"బూట్లు మోసుకొచ్చాడంటే అక్కడ గది ఖాళీ చేశాడన్నమాట. ఖాళీ చేసి కాపురం ఎక్కడ పెట్టాడో కనిపెట్టాలి," అంది నాతో.

"బూట్లు ఇక్కడున్నాయి కదమ్మమ్మా. కాపురం ఇక్కడే పెడతాడేమో."

"బడి మానేస్తే బుర్ర ఇలాగే తగలడుతుంది."

నేను ఆరు దాకా చదివాను, ఆమె రెండు.

పైగా తాతయ్య క్యాలెండరు ముట్టుకోవడం లేదు. మామూలుగా వచ్చిన మర్నాటి నుంచే తిరుగు ప్రయాణానికి రోజులు కొట్టేసుకుంటూ పోయేవాడు. ఈసారి గళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఫోను మోగితే పెరట్లోకి, టర్కీ కోళ్ల దొడ్లోకి పోయి మాట్లాడేవాడు. అమ్మమ్మ నా చేతికి గింజల బుట్టనిచ్చి వెనకాలే తోలేది. ఆ కోళ్లు అంత బాగా తినడం నా జన్మలో చూడలేదు.

"ఏమన్నాడు?"

"నా పేరుందా, మళ్లీ ఓసారి చూడు, అన్నాడు."

అమ్మమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "పేరు! పిల్లకి పేరు పెడుతున్నారు!"

"అరవై రెండేళ్లకా?"

"అది చలి దేశం. మనిషి చెడిపోకుండా ఉంటాడు."

నేను నవ్వాను గానీ ఆమె నవ్వలేదు. ఆ రోజు మొక్కజొన్న రుబ్బుతూ ఒకే పిండిని మూడుసార్లు రుబ్బింది.

జనవరి ఆరున ముగ్గురు రాజుల పండుగ. ఆ సాయంత్రం అందరం కలిసి రోస్కా కోస్తాం. అది గాజులా గుండ్రంగా చుట్టిన పెద్ద తియ్యరొట్టె. లోపల వేలెడంత కూడా లేని ప్లాస్టిక్ బాలయేసు బొమ్మలు దాస్తారు. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి రెండున అందరికీ తమాలెలు వండి పెట్టాలి. మొక్కజొన్న పొత్తు రేకుల్లో పిండీ మాంసమూ చుట్టి ఆవిరి మీద ఉడికించాలి కాబట్టి రెండు రోజుల చాకిరీ. తాతయ్య ఏనాడూ పెట్టలేదు. ఫిబ్రవరికి ఆయన ఊళ్లోనే ఉండడు కదా. అందుకని బొమ్మ వచ్చినా బుగ్గలో దాచేసేవాడు. ఓ ఏడాది మింగేశాడు కూడా. మూడు రోజులు ఇల్లంతా ఎదురుచూశాం. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

ప్రతి ఫిబ్రవరి రెండునా అమ్మమ్మ పక్కింటి రెఫూహియో అత్త వాళ్లింట్లో తిని, ఒక తమాలె శాలువా కొంగున కట్టి తెచ్చి తాతయ్య కుర్చీ ముందు పెట్టేది. పిల్లి కోసం అనేది. మాకు పిల్లి లేదు.

ఈసారి పండుగ రోజు మధ్యాహ్నం అమ్మమ్మ తలుపు గడియ పెట్టి, రోస్కాను బోర్లా తిప్పి, అల్లిక సూదితో బొమ్మలన్నీ బయటికి లాగింది. మూడు వచ్చాయి. ఒకదాన్ని మాత్రం రొట్టె పైన అద్దిన అంజూరపు ముక్క కింద మళ్లీ గుచ్చింది.

"ఆ ముక్క ఆ మనిషికి వేస్తాను. పోయేవాడైతే దాస్తాడు. ఉండేవాడైతే బయటపెడతాడు. నువ్వు దవడ చూస్తూ ఉండు."

"నేరుగా అడగొచ్చుగా?"

"అడిగితే చెప్తాడు. చెప్పింది నమ్మేదెవరు?"

సాయంత్రం మేం ముగ్గురం, రెఫూహియో అత్త, ఆమె ఇద్దరు కూతుళ్లు బల్ల చుట్టూ చేరాం. అంజూరం ఉన్న ముక్క తాతయ్య పళ్లెంలో పడింది. ఆయన కొరికాడు. నమలడం ఆగింది. మళ్లీ సాగింది. వేడి చాక్లెట్ ఒక గుక్క తాగి కిటికీలోంచి బయటికి చూశాడు.

అందరి ముక్కలూ అయిపోయాయి.

"బొమ్మే లేదు! రొట్టెలవాడు మోసం చేశాడు," అంది రెఫూహియో అత్త.

నేను అమ్మమ్మను చూశాను. తాతయ్యను తిడుతుందేమో, మీదికి ఎగురుతుందేమో అనుకున్నాను. ఊరికే కూర్చుని బల్ల మీది రొట్టె నలుసులు వేలితో ఒకచోటికి చేరుస్తోంది. నా ఎరుకలో ఆమె అంత చిన్నగా కనిపించడం అదే మొదటిసారి. తరవాత తల ఎత్తకుండానే అంది:

"నోరు తెరువు."

"ఎందుకే?"

"తెరువయ్యా!"

తాతయ్య బడిపిల్లాడిలా నోరు తెరిచాడు. ఎడమ బుగ్గలో బాలయేసు హాయిగా పడుకుని ఉన్నాడు.

"అలవాటు, తోలా," అన్నాడు బొమ్మను పళ్లెంలోకి తీస్తూ. "నాలిక దానంతటదే పక్కకి తోసేసింది."

"ఎక్కడికి పోతున్నావ్? ఎవరది?"

"ఎవరే?"

"పేరు పెట్టావుగా! కోళ్ల దొడ్లో!"

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నా పేరే. మళ్లీ పనికి పిలిచేవాళ్ల కాయితంలో నా పేరుందేమో చూడమని అక్కడి మా వాణ్ణి అడిగా. లేదు. పుట్టగొడుగులు కొయ్యడానికి మిషన్లు తెచ్చారట. ముసలాళ్లం తొమ్మిది మందిని వద్దన్నారు." పళ్లెం వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "ఎలా చెప్పాలో తెలీక..."

అమ్మమ్మ బొమ్మను శాలువా చెంగుతో శుభ్రంగా తుడిచి ఆయన ముందే నిలబెట్టింది.

"నెల రోజులు దాచావు. ఒక్క బొమ్మని దాచలేకపోయావు," అంది. "తమాలెలు పంది మాంసంతోనా, కోడితోనా?"

ఫిబ్రవరి రెండున తాతయ్యే వండాడు. పొత్తు రేకుకు నున్నటి వైపు పిండి పూయాలని కూడా ఆయనకు తెలియదు. యాభై రేకులకు గరుకు వైపు పూసి పెట్టాడు. ఉడికాక విప్పబోతే పిండి సగం రేకుకే అంటుకుపోయింది. రెఫూహియో అత్త కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"నాబోరూ, తమాలెలు తినాలా, గీక్కోవాలా?"

అమ్మమ్మ మాత్రం స్పూనుతో గీక్కుని గీక్కుని నాలుగు తింది. కొంగున ఏదీ కట్టుకోలేదు.

అనుమానం తీరిందనుకున్నాను. మార్చిలో ఒక పొద్దున తాతయ్య చేనుకి నీళ్లు పెట్టడానికి బూట్ల కోసం ఇల్లంతా వెతికాడు. అవి వాకిట్లో ఎండలో ఉన్నాయి. అడుగున చిల్లులు పొడిచి, లోపల మట్టి నింపి, ఒక్కోదాంట్లో ఒక్కో ఎర్రపూల జెరేనియం కొమ్మ నాటి ఉంది.

"ఒసేయ్, ఇంకా నాలుగేళ్లు వచ్చేవే ఇవి!"

"అందుకే," అంది అమ్మమ్మ లోపలి నుంచి.